ఆసుపత్రి సిబ్బందికి యాంటీబయాటిక్ వాడకంలో శిక్షణ: ముందు లెక్క, తరువాత పాఠం

పలమనేరు, శ్రీకాళహస్తి, పుత్తూరు వైపు ఆసుపత్రుల్లో పనిచేసేవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మా సిబ్బందికి యాంటీబయాటిక్స్ మీద ఒక క్లాసు పెట్టాలనుకుంటున్నాం, ఎలా పెట్టాలి?" క్లాసు ఒక్కటే పెట్టి ఊరుకుంటే వచ్చే సోమవారానికి వార్డులో ఏమీ మారదు. ఏ మందు దేనికో డాక్టర్లకు తెలుసు. అయినా అవసరం లేనిచోట సెఫ్ట్రియాక్సోన్ వంటి బలమైన యాంటీబయాటిక్ రాయిస్తున్నవి మూడు: ఈ రోగి మళ్లీ కనిపించడేమో అన్న భయం, పెద్ద డాక్టరు ఇలాగే రాస్తారన్న అలవాటు, కల్చర్ (రక్తం, మూత్రం వంటి శాంపిల్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) పంపినా రిపోర్టు సమయానికి రాదన్న అనుభవం. శిక్షణ ఈ మూడింటినీ తాకకపోతే అది ఒక పూట భోజనంతో ముగిసే కార్యక్రమమే అవుతుంది.

ఇక్కడ చెప్పే క్రమం 30 నుంచి 100 పడకల ఆసుపత్రి కోసం. పీహెచ్‌సీలు, చిన్న క్లినిక్‌లు అయితే 3, 4, 6 భాగాలు తీసుకుంటే సరిపోతుంది. సన్నాహానికి మూడు వారాలు, తరగతులకు రెండు పూటలు, ఆ తరువాత మూడు నెలలు కేటాయించుకోండి. ఆ మూడు నెలలు కేటాయించలేమనుకుంటే తరగతి కూడా వాయిదా వేసుకోవడమే మంచిది.

1. తరగతికి ముందు ఒక రోజు లెక్క

బయటి గణాంకాలతో ఎవరూ మందు రాసే తీరు మార్చుకోరు. ప్రపంచవ్యాప్తంగా 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా సుమారు 12.7 లక్షల మరణాలకు కారణమైందని 2022లో వెలువడిన అంచనా చెబుతోంది. ఆ సంఖ్య విని అందరూ తలలూపుతారు, ఎవరి వార్డుకు వారు వెళ్లిపోతారు. "మన వార్డులో నిన్న యాంటీబయాటిక్ మీద ఉన్నవారిలో ఎందరి కేస్ షీటులో కారణం రాసి ఉంది?" అని అడిగితే మాత్రం గది నిశ్శబ్దమవుతుంది. అందుకే మొదట లెక్క.

మామూలు పనిదినం ఒకటి ఎంచుకోండి. బ్రహ్మోత్సవాల రోజులు, పండుగలు, ఆదివారాలు వద్దు. ఉదయం 8 గంటలకు వార్డుల్లో ఉన్న ప్రతి రోగి కేస్ షీటు చూసి ఇవి నమోదు చేయండి:

- యాంటీబయాటిక్ నడుస్తోందా? ఏది, ఏ మోతాదు, నోటి ద్వారానా, నరం ద్వారానా?
- ఎందుకు ఇస్తున్నారో షీటులో రాసి ఉందా?
- ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు సమీక్షించాలో తేదీ ఉందా?
- మొదటి మోతాదుకు ముందు కల్చర్ తీశారా?
- శస్త్రచికిత్స రోగి అయితే, ఆపరేషన్ జరిగి 24 గంటలు దాటినా నివారణ కోసం ఇచ్చిన యాంటీబయాటిక్ కొనసాగుతోందా?

ఓపీలో జలుబు, గొంతునొప్పి, విరేచనాలకు రాసిన చీటీలు వరుసగా ఒక యాభై తీసి, ఎన్నింటిలో యాంటీబయాటిక్ ఉందో చూడండి. ఏరుకోవద్దు, వరుసగా వచ్చినవే తీసుకోండి. ఏరితే లెక్క మీద ఎవరికీ నమ్మకం ఉండదు.

నడుస్తున్న మందులను ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన మూడు వర్గాలుగా విడదీయండి. యాక్సెస్ (ముందుగా వాడదగిన) వర్గంలో అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, నైట్రోఫ్యురాంటాయిన్, సెఫజోలిన్, జెంటామైసిన్ వంటివి ఉంటాయి. వాచ్ (ఆచితూచి వాడవలసిన) వర్గంలో అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్. రిజర్వ్ (చివరి ఆసరాగా దాచుకోవలసిన) వర్గంలో కొలిస్టిన్, లినెజోలిడ్ వస్తాయి. 2030 నాటికి ప్రపంచంలో మనుషులకు వాడే యాంటీబయాటిక్స్‌లో కనీసం 70 శాతం యాక్సెస్ వర్గానివే కావాలని 2024లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం లక్ష్యం పెట్టుకుంది. మీ సంఖ్యను దాని పక్కన పెట్టి చూపించండి. సెఫిక్సిమ్‌తో ఆఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్‌తో ఆర్నిడజోల్ కలిపిన మాత్రలు ఎన్ని చీటీల్లో ఉన్నాయో విడిగా లెక్కపెట్టండి. ఇలాంటి జోడీలను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయని జాబితాలో పెట్టింది.

ఒక కట్టుబాటు: లెక్కలో ఏ డాక్టరు పేరూ ఉండకూడదు. వార్డు పేరు చాలు. పేరు పెట్టిన రోజున అది తప్పులు పట్టే పనిగా మారి, మరుసటి నెల కేస్ షీట్లే చేతికి రావు.

2. ఎవరెవరు కూర్చోవాలి

జూనియర్ డాక్టర్లను మాత్రమే కూర్చోబెట్టడం ఎక్కువగా జరిగే పొరపాటు. రాత్రి డ్యూటీ డాక్టరు పాఠం ప్రకారం మందు తగ్గించి రాస్తే, ఉదయం రౌండ్లలో పెద్ద సర్జన్ గారు దాన్ని మార్చేస్తారు. రెండు రోజులకు ఆ డ్యూటీ డాక్టరు కూడా పాత దారికే వస్తారు. కాబట్టి ముఖ్య వైద్యుడు, ముఖ్య సర్జన్, ప్రసూతి వైద్యురాలు ఒప్పుకున్న తరువాతే తేదీ ఖరారు చేయండి. వారిని శ్రోతలుగా పిలవకండి, ఒక్కో కేసు నడిపించే బాధ్యత అప్పగించండి. తాము నలుగురికీ చెప్పిన మాటను తామే దాటడానికి ఎవరికైనా మనసొప్పదు.

సిస్టర్లు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్ తప్పనిసరి. శాంపిల్ ముందా, మందు ముందా అన్నది ఆచరణలో సిస్టర్ చేతిలో ఉంటుంది. షెడ్యూల్ హెచ్1 రిజిస్టరు ఫార్మసిస్టు చేతిలో ఉంటుంది. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న ఈ నిబంధన ప్రకారం మూడో, నాలుగో తరం సెఫలోస్పోరిన్లు, కార్బపెనెమ్‌ల వంటి మందులు అమ్మినప్పుడు రాసిన డాక్టరు, రోగి, మందు, పరిమాణం వివరాలు నమోదు చేసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరు తనిఖీల కోసం ఉందనుకుంటారు గాని, మీ ఆసుపత్రిలో ఏ మందు ఎంత కదులుతోందో చెప్పే సిద్ధమైన లెక్క అందులోనే ఉంది.

3. ఒక పేజీ మార్గదర్శకం రాసుకోండి

దేనికి ఏది ఇవ్వాలో ఆసుపత్రికి ఒక మాట లేకుండా శిక్షణ ఇస్తే, వెళ్లేటప్పుడు ఎవరి అభిప్రాయం వారి వెంటే ఉంటుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం మార్గదర్శకాలను ఆధారంగా తీసుకోండి. వాటిని మొత్తం ముద్రించి పంచితే బీరువాలో చేరతాయి. మీ ఆసుపత్రికి ఎక్కువగా వచ్చే ఎనిమిది, పది సమస్యలకు ఒక పేజీ చేసి, డ్యూటీ గది బల్ల మీద అద్దం కింద పెట్టండి. దానిలో ఉండదగినవి:

- జలుబు, సాధారణ దగ్గు: యాంటీబయాటిక్ లేదు.
- రక్తం లేని నీళ్ల విరేచనాలు: ఓఆర్ఎస్, పిల్లలకు జింక్ 14 రోజులు (ఆరు నెలల లోపువారికి రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆ పైవారికి 20). కలరా అనుమానం ఉంటే తప్ప యాంటీబయాటిక్ లేదు.
- గర్భవతి కాని స్త్రీకి జ్వరం గాని, నడుంనొప్పి గాని లేకుండా మూత్రంలో మంట: నైట్రోఫ్యురాంటాయిన్ 5 రోజులు. మూత్రపిండాల పనితీరు బాగా తగ్గినవారికి పనికిరాదు.
- వానల తరువాత వచ్చే కారణం తేలని జ్వరం: పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌ను తలుచుకోవాలి.
- శుభ్రమైన శస్త్రచికిత్సలు: కోతకు ముందు 60 నిమిషాల లోపు సెఫజోలిన్ ఒక్క మోతాదు.
- సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రాణాపాయ స్థితి): ఎవరిని పిలవాలి, మొదటి మందు ఏది, అది ఎక్కడ ఉంటుంది.

స్థానిక బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో చెప్పే యాంటీబయోగ్రామ్ కోసం మైక్రోబయాలజీ విభాగం ఉన్న వైద్య కళాశాలను సంప్రదించండి. తిరుపతిలో ఎస్వీ వైద్య కళాశాల, స్విమ్స్, కుప్పంలో పీఈఎస్, చిత్తూరు వైపు అపోలో వైద్య కళాశాల ఉన్నాయి. అయితే పెద్దాసుపత్రి యాంటీబయోగ్రామ్‌ను యథాతథంగా తెచ్చుకోవద్దు. అక్కడికి చేరేది నాలుగు చోట్ల మందులు వాడి, తగ్గక వచ్చిన రోగులు. వారి శాంపిళ్లలో మొండి బ్యాక్టీరియా ఎక్కువగా కనిపిస్తుంది. ఆ శాతాలు చూసి మీ ఓపీలో నేరుగా మెరోపెనెమ్ మొదలుపెడితే మేలు కోరి చేసిన పని కీడవుతుంది. ఓపీ శాంపిళ్ల లెక్క, ఐసీయూ శాంపిళ్ల లెక్క విడివిడిగా అడగండి. ఒక బ్యాక్టీరియాకు 30 కంటే తక్కువ శాంపిళ్లు ఉంటే ఆ శాతం మీద ఆధారపడకండి. ఒకే రోగి శాంపిళ్లు పదేపదే లెక్కలోకి రాలేదని నిర్ధారించుకోండి.

4. డాక్టర్ల తరగతి: కేసులతో నడపండి

తొంభై నిమిషాలు చాలు. స్లైడ్లు పదికి మించకూడదు. మొదటి పది నిమిషాలు మీ ఆసుపత్రి లెక్క, మిగిలిన సమయమంతా కేసులు. ప్రతి కేసులోనూ నాలుగు ప్రశ్నలు వరుసగా అడగండి: ఇది బ్యాక్టీరియా ఇన్ఫెక్షనేనా? మందుకు ముందు ఏ శాంపిల్ తీయాలి, ఏ మందుతో మొదలుపెట్టాలి? 48 గంటల తరువాత ఆపవచ్చా, తగ్గించవచ్చా, నోటి మాత్రకు మార్చవచ్చా? మొత్తం ఎన్ని రోజులు? నాలుగూ బోర్డు మీద చివరిదాకా ఉండాలి.

ఈ ప్రాంతానికి సరిపోయే నాలుగు కేసులు ఇస్తున్నాను. మీ కేస్ షీట్ల నుంచి మార్చుకోండి, రోగి వివరాలు మాత్రం తీసేయండి.

మొదటి కేసు. మహారాష్ట్ర నుంచి వచ్చిన యాత్రికుడు, నలభై ఏళ్లు. కాలినడకన కొండ ఎక్కాడు, రాత్రంతా క్యూలో ఉన్నాడు. ముక్కు కారుతోంది, దగ్గు, ఒళ్లునొప్పులు. ఈ రాత్రికే రైలు. చాలామంది ఇక్కడ అజిత్రోమైసిన్ మూడు రోజులకు రాస్తారు. ఎందుకని అడగండి. "మళ్లీ చూడలేను కదా సార్" అన్న జవాబు వస్తుంది. తిరుపతిలో వైద్యం చేసేవారికి ఈ ఇబ్బంది నిజమైనది, దాన్ని తీసిపారేయవద్దు. యాంటీబయాటిక్ ఆ భయానికి మందు కాదని చూపించి, బదులుగా ఏం ఇవ్వాలో నేర్పండి: జ్వరానికి పారాసిటమాల్, ఆయాసం వచ్చినా, మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోయినా, తగ్గి మళ్లీ వచ్చినా సొంత ఊళ్లో వెంటనే చూపించుకోవాలని రాసిన చీటీ, ఆసుపత్రి ఫోను నంబరు. ఆ చీటీ తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో ముందే ముద్రించి ఉంచండి.

రెండో కేసు మీద ఎక్కువ సమయం పెట్టండి. చంద్రగిరి వైపు పొలం పనులు చేసే యాభై ఏళ్ల మహిళ. అక్టోబరు నెల, ఆరు రోజులుగా జ్వరం, తలనొప్పి. ఊళ్లో టైఫాయిడ్ కోసం చేసే వైడల్ రక్తపరీక్ష పాజిటివ్ అన్నారు. మూడు రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఇచ్చారు, జ్వరం దిగలేదు. ఇప్పుడేం చేస్తారు? "ఇంకా పెద్ద మందు" అనే గొంతు ఒకటి తప్పక వినిపిస్తుంది. అప్పుడు అడగండి: చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుము మడతలు చూశారా? నొప్పి లేని నల్లని పొక్కు కనిపిస్తే స్క్రబ్ టైఫస్ దాదాపు తేలిపోయినట్టే, కనిపించనంత మాత్రాన లేదని కాదు. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న పురుగు పిల్లలు కుట్టడం వల్ల వచ్చే ఈ జ్వరానికి సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్ రెండూ పనిచేయవు. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఏడు రోజులు ఇస్తే సాధారణంగా 48 గంటల్లో జ్వరం దిగుతుంది. గర్భవతులకు అజిత్రోమైసిన్. తీవ్రంగా ఉన్నవారికి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ నరం ద్వారా కలిపి ఇవ్వడం మేలని వేలూరు సీఎంసీ వైద్యుల ఆధ్వర్యంలో జరిగి, 2023లో వెలువడిన పరిశోధన చూపింది. ఇక్కడ డాక్టర్లకు అర్థం కావలసింది, చవకైన పాత మందు సరైనదైతే ఖరీదైన కొత్త మందు చేయలేని పని చేస్తుందని. ఒక్కసారి చేసిన వైడల్ మీద టైఫాయిడ్ తేల్చకూడదన్న మాట కూడా ఈ కేసులోనే చెప్పేయండి.

మూడో కేసు: మెష్ (వల లాంటి అతుకు) పెట్టిన హెర్నియా ఆపరేషన్, ఇన్ఫెక్షన్ ఏమీ లేదు, ఐదు రోజులు సూదులు, ఆపైన ఐదు రోజులు మాత్రలు. సర్జన్ గారే ఈ కేసు నడపాలి. కోతకు ముందు సరైన సమయంలో ఇచ్చిన మోతాదు చేసే పనిని తరువాతి రోజుల మందులు చేయవు. ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే సెఫజోలిన్ ఇంకో మోతాదు, అంతే. "మా థియేటరు అంత శుభ్రంగా ఉండదు" అని ఎవరైనా అంటే ఆ మాటను రాసుకోండి. థియేటరును శుభ్రం చేయడం తరువాతి పని కావాలి, దాని బదులు రోగికి మాత్రలు మింగించకూడదు.

నాలుగో కేసు వదలొద్దు: బీపీ పడిపోయిన సెప్సిస్ రోగి. మొదటి మూడు కేసుల తరువాత కొందరు అసలు అవసరమైన చోట కూడా వెనకాడతారు. షాక్‌లో ఉన్న రోగికి గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. కల్చర్ తీయడం వల్ల ఆలస్యమవుతుంటే మందే ముందు. బీపీ బాగానే ఉండి, సెప్సిస్ అవునో కాదో తెలియని రోగి విషయంలో త్వరగా పరీక్షలు చేయించి, అనుమానం నిలిస్తే మూడు గంటల లోపు మొదలుపెట్టాలి. బాధ్యతగా వాడడమంటే ఇవ్వవలసిన చోట ఆలస్యం లేకుండా ఇవ్వడం కూడా.

5. సిస్టర్లకు, ల్యాబ్‌కు చేతిపని

ఈ తరగతి వేరుగా, వార్డులోనే, అసలు బాటిళ్లతో చేయించండి. చూసి నేర్చుకుంటారులే అనుకోవద్దు, ప్రతి ఒక్కరి చేత చేయించండి.

- రక్త కల్చర్ రెండు వేర్వేరు చోట్ల నుంచి తీయాలి. పెద్దవారికి బాటిల్‌కు 8 నుంచి 10 మిల్లీలీటర్లు. తక్కువ రక్తం పోస్తే ఉన్న బ్యాక్టీరియా కూడా దొరకదు.
- చర్మానికి పూసిన మందు ఆరేదాకా ఆగాలి, తరువాత ఆ చోటు ముట్టకూడదు. బాటిల్ మూత కూడా తుడవాలి.
- రక్త కల్చర్ బాటిల్ ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మూత్రం శాంపిల్ మాత్రం రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఈ రెండూ తారుమారవడం తరచూ చూస్తాం.
- కాథెటర్ ఉన్న రోగి మూత్రాన్ని సంచిలోంచి తీయకూడదు.
- శాంపిల్ తీసిన సమయం, మొదటి మోతాదు ఇచ్చిన సమయం రెండూ షీటులో రాయాలి.

పలమనేరు నుంచి తిరుపతికి శాంపిల్ పంపేవారైతే ఎవరు తీసుకెళ్తారు, ఏ బస్సుకు, రిపోర్టు ఫోనులో ఎవరికి వస్తుంది అన్నవి ఇదే తరగతిలో తేల్చండి. రిపోర్టు రానిచోట కల్చర్ పంపమని పాఠం చెప్పడం వృథా.

6. రోగితో మాట్లాడటం సాధన చేయించండి

"సూది వేయండి సార్, సెలైన్ పెట్టండి సార్" అని రోగి బంధువులు పట్టుబట్టే సమయంలోనే చాలా చీటీలు దారి తప్పుతాయి. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరు పిల్లవాడి తల్లిగా, ఒకరు డాక్టరుగా మాట్లాడించండి. ఇలా నడవవచ్చు:

"సార్, పోయినసారి ఇచ్చిన పెద్ద మాత్రలే రాయండి, రెండు రోజుల్లో తగ్గింది."

"అమ్మా, బాబు గొంతు, చెవులు, ఊపిరితిత్తులు చూశాను, బాగున్నాయి. ఇది వైరస్ జలుబు. ఆ మాత్ర దీని మీద పనిచేయదు, విరేచనాలు పట్టించవచ్చు. జ్వరానికి ఈ సిరప్ ఇవ్వండి, బాగా తాగించండి. ఊపిరి వేగంగా తీసినా, పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా రాత్రయినా తీసుకురండి."

ఇందులో క్రమం ముఖ్యం: ముందు ఏం పరీక్షించారో, తరువాత ఏమి లేదో, తరువాత ఏం ఇస్తున్నారో, చివర ఎప్పుడు రావాలో. "యాంటీబయాటిక్ అక్కర్లేదు" అన్న మాటతో మొదలుపెడితే తల్లి మిగతాది వినదు, నేరుగా మెడికల్ షాపుకు వెళుతుంది.

7. తరువాతి మూడు నెలలు

అసలు శిక్షణ ఇప్పుడు మొదలవుతుంది. వారానికి ఒకరోజు అరగంట ఫిజీషియన్, ఫార్మసిస్టు, ఒక సీనియర్ సిస్టర్ కలిసి, యాంటీబయాటిక్ మొదలై 48 గంటలు దాటిన రోగుల షీట్లు చూడాలి. వాచ్, రిజర్వ్ మందులతో మొదలుపెట్టండి. మార్పు సూచించాలంటే ఆ డాక్టరుతో ముఖాముఖి మాట్లాడాలి, షీటు మీద ఎర్రసిరాతో రాయకూడదు. నెలకొకసారి మొదటి భాగంలోని లెక్కను అదే ఫారంతో మళ్లీ తీసి, రెండే సంఖ్యలు డ్యూటీ గదిలో అంటించండి: కారణం రాసిన షీట్ల శాతం, సమీక్ష తేదీ రాసిన షీట్ల శాతం. ఇవి రెండూ పెరిగితే అనవసర వాడకం దిగడం మొదలవుతుంది, ఎందుకంటే కారణం రాయాల్సి వచ్చినప్పుడు చేయి ఒక్క క్షణం ఆగుతుంది.

8. ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

మందుల కంపెనీ ఖర్చుతో కార్యక్రమం పెట్టడం: వద్దు. టీ, బిస్కెట్లు ఆసుపత్రే పెట్టుకోవాలి. ఒక మందు తగ్గించమని చెప్పే చోట ఇంకో మందు బ్యానరు ఉండకూడదు.

వాడకం తగ్గింది కానీ వార్డులో ఇన్ఫెక్షన్లు తగ్గలేదు: చేతుల శుభ్రత చూడండి. ప్రతి పడక దగ్గర హ్యాండ్ రబ్ ఉందా, సీసా ఖాళీగా ఉందా, ముందు అది.

సెఫ్ట్రియాక్సోన్ తగ్గింది, దాని బదులు ఇంకా పెద్ద మందు పిపరాసిలిన్-టాజోబాక్టమ్ పెరిగింది: ఒక మందు పేరునే తప్పుపట్టినట్టు పాఠం సాగిందని అర్థం. మళ్లీ నాలుగు ప్రశ్నలకు రండి.

డ్యూటీ డాక్టర్లు మారిపోయారు: కొత్తవారు చేరిన మొదటి వారంలోనే ఒక పేజీ మార్గదర్శకం, రెండో కేసు, నాలుగో కేసు. ముప్పై నిమిషాల పని.

సెఫజోలిన్, నైట్రోఫ్యురాంటాయిన్ స్టోరులో లేవు: తరగతికి ముందే ఫార్మసిస్టుతో తెప్పించండి. పేజీలో ఉన్న మందు బీరువాలో లేకపోతే పేజీ చిరుగుతుంది.

ఊరి ఆర్‌ఎంపీలను కూడా పిలవాలా అని చాలామంది అడుగుతారు. పిలవండి, కానీ మందుల పేర్లు, మోతాదులు నేర్పకండి. ప్రమాద సంకేతాలు ఏమిటి, ఎవరిని ఎప్పుడు ఆసుపత్రికి పంపాలి, ఓఆర్ఎస్ ఎలా కలపాలి, సూది ఎందుకు వేయకూడదు అన్నవి చాలు. రోగిని పంపేటప్పుడు అంతవరకు ఏమిచ్చారో చీటీ మీద రాసి పంపమనండి. ఆ ఒక్క వరుస ఉంటే మీ డ్యూటీ డాక్టరు అదే మందును మళ్లీ మొదలుపెట్టడు.

9. తేదీ ప్రకటించే ముందు చూసుకోవలసినవి

- ఒక రోజు లెక్క పూర్తయింది, పేర్లు లేవు.
- ముఖ్య వైద్యుడు, సర్జన్ కేసులు నడపడానికి ఒప్పుకున్నారు.
- ఒక పేజీ మార్గదర్శకం మీద సంతకాలయ్యాయి, అందులోని మందులు స్టోరులో ఉన్నాయి.
- శాంపిల్ ఎక్కడికి, ఎలా వెళ్తుందో తేలింది.
- నాలుగు భాషల చీటీ ముద్రణ అయింది.
- వారం వారం కూర్చునే ముగ్గురి పేర్లు, రోజు, సమయం నోటీసు బోర్డు మీద ఉన్నాయి.

మందులకు లొంగని సూక్ష్మజీవుల మీద నవంబరు 18 నుంచి 24 వరకు జరిగే ప్రపంచ అవగాహన వారంలో తరగతి పెట్టాలని అనుకునేవారు ఆగస్టులోనే ఈ పని మొదలుపెట్టండి. తరగతి నాటికి మూడు నెలల లెక్క చేతిలో ఉంటుంది. వానల తరువాతి జ్వరాలు అంతకు ముందే రావచ్చు కాబట్టి రెండో కేసును మాత్రం సిబ్బందికి ముందే చదివించండి.